ఐఎల్-1బీటా యాంటీబాడీ: బ్లాట్ మీది గీతను ఎప్పుడు నమ్మవచ్చు

ప్రోటీన్లను జెల్‌లో బరువు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ అనే పలుచని పొర మీదికి మార్చి, యాంటీబాడీతో గుర్తించే పరీక్షను వెస్టర్న్ బ్లాట్ అంటారు. అటువంటి బ్లాట్ మీద 31 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువుకు కొలమానం) ఎత్తులో ఒక దట్టమైన గీత, దానికి చాలా కింద 17 కిలోడాల్టన్ల దగ్గర ఒక పలుచని గీత కనిపించాయనుకుందాం. రెండింటినీ పట్టి చూపించింది ఒకే యాంటీబాడీ. రెండూ ఇంటర్‌ల్యూకిన్-1బీటా, క్లుప్తంగా ఐఎల్-1బీటా, అనే ఒకే ప్రోటీన్‌వి. అయినా వాటి అర్థాలు వేరు. పై గీత కనిపిస్తే కణం శోథకు, అంటే వాడుకలో ఇన్‌ఫ్లమేషన్ అంటున్న ప్రక్రియకు, సరంజామా సిద్ధం చేసుకుందని తెలుస్తుంది. ఆ సరంజామా వాడకంలోకి వచ్చిందని చెప్పేది కింది పలుచని గీతే. ఈ రెండింటినీ ఒకటిగా చదివితే యాంటీబాడీ ఎంత మేలైనదైనా నిర్ధారణ తప్పుతుంది. కాబట్టి ఐఎల్-1బీటాను గుర్తించే పరిశోధన యాంటీబాడీ గురించి అది పనిచేస్తుందా లేదా అని అడిగి ఊరుకుంటే చాలదు. అది ప్రోటీన్‌లోని ఏ భాగాన్ని పట్టుకుంటుంది, ఏ రూపాన్ని పట్టుకుంటుంది, ఏ నమూనాలో, దేనితో పోల్చి చూసినప్పుడు పట్టుకుంటుంది అన్న సంగతులు తేలాకే ఆ గీతకు ఒక అర్థం ఏర్పడుతుంది.

ఈ ప్రోటీన్ చరిత్రలో ఒక విశేషం ఉంది. దాని జన్యువు కంటే ముందే దాన్ని గుర్తించే యాంటీబాడీ తయారైంది. తెల్లరక్తకణాలు విడుదల చేసే ఏదో ఒక పదార్థం జ్వరాన్ని తెప్పిస్తుందని శాస్త్రవేత్తలకు చాలాకాలంగా తెలుసు. దాన్ని మనిషి కణాల నుంచి శుద్ధి చేసి, దాన్ని కొలవడానికి యాంటీబాడీ ఆధారంగా రేడియో ఇమ్యునో పరీక్షను రూపొందించినట్టు చార్లెస్ డినరెల్లో బృందం 1977లో ప్రకటించింది. ఇంటర్‌ల్యూకిన్ అనే పేరు 1979లో వచ్చింది. మనిషి ఐఎల్-1బీటా సీడీఎన్ఏ (జన్యువు ఆర్ఎన్ఏ నకలు నుంచి తయారుచేసిన డీఎన్ఏ) క్రమం 1984లో గాని బయటపడలేదు. అంటే ఆ మధ్య కాలమంతా ఈ పదార్థం ఉనికికి సాక్ష్యాలు రెండే: జంతువుల్లోనూ కణాల్లోనూ అది కలిగించే ప్రభావం, యాంటీబాడీ దాన్ని పట్టుకోవడం. క్రమం తెలియని పదార్థానికి యాంటీబాడీ తయారుచేసినప్పుడు అది ఖచ్చితంగా దేన్ని పట్టుకుంటోందో చెప్పడం ఎంత కష్టమో ఊహించవచ్చు. క్రమం తెలిసిన ఈ రోజుల్లో ఆ కష్టం తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది రూపం మార్చుకుని అలాగే ఉంది.

కణం లోపల ఐఎల్-1బీటా మొదట 269 అమైనో ఆమ్లాల పొడవైన పూర్వరూపంగా తయారవుతుంది. సుమారు 31 కిలోడాల్టన్ల బరువున్న ఈ ప్రో-ఐఎల్-1బీటాకు శోథను రేపే శక్తి లేదు. మాక్రోఫేజ్ (సూక్ష్మజీవులను మింగే రోగనిరోధక కణం) వంటి కణానికి బాక్టీరియా పైపొరలోని లైపోపాలిశాకరైడ్, అంటే ఎల్‌పీఎస్ తగిలితే ఈ పూర్వరూపం పోగుపడడం మొదలవుతుంది. ఇది మొదటి సంకేతం. ఆ తరువాత ఏటీపీ (కణాల్లో శక్తిని మోసే అణువు) గాని, నైజెరిసిన్ అనే విషపదార్థం గాని వచ్చి తగిలితే కణంలో నుంచి పొటాషియం బయటికి పోయి, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రోటీన్ చుట్టూ ఇన్‌ఫ్లమాజోమ్ అనే నిర్మాణం కూడుకుంటుంది. ఇన్‌ఫ్లమాజోమ్ అనే ఊహను 2002లో యుర్గ్ చోప్ బృందం ప్రతిపాదించింది. ఆ నిర్మాణం మీద కాస్పేస్-1 అనే ఎంజైమ్ చురుకెక్కి, పూర్వరూపాన్ని 116వ స్థానంలోని ఆస్పార్టేట్ తరువాత కోస్తుంది. అలా వచ్చే 153 అమైనో ఆమ్లాల 17 కిలోడాల్టన్ల ముక్కే జ్వరాన్ని తెప్పించే, రక్తనాళాల గోడలను మార్చే పక్వరూపం. ఎలుకలో ఈ కోత ఒక స్థానం అవతల, 117వ ఆస్పార్టేట్ దగ్గర పడుతుంది.

ఇంతా చేసి ఈ ప్రోటీన్‌కు కణం నుంచి బయటపడడానికి మామూలు దారి లేదు. స్రవించే ప్రోటీన్లకు మొదట్లో ఉండే సంకేత భాగం దీనికి లేదు కనుక, ప్రోటీన్లను బయటికి పంపే కణభాగాలైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్, గాల్జి మీదుగా అది ప్రయాణించదు. గాస్డర్మిన్-డి అనే మరో ప్రోటీన్‌ను కూడా కాస్పేస్-1 కోస్తుందని, దాని ముక్కలు కణపొరలో రంధ్రాలు చేస్తాయని 2015 నుంచి వెలువడిన పరిశోధనలు చూపాయి. పక్వరూపం ఎక్కువగా ఆ రంధ్రాల గుండానే బయటికి వస్తుంది. రంధ్రాలు మరీ ఎక్కువైతే కణం పగిలిపోతుంది. పగిలిన కణం నుంచి కోత పడని పూర్వరూపం కూడా బయటికి కారుతుంది. బయటి ద్రవంలో ఐఎల్-1బీటా దొరికిందన్న ఒక్క మాటతో పక్వరూపం విడుదలైందని తేల్చలేకపోవడానికి కారణం ఇదే. యాంటీబాడీ ఎంపిక ఎందుకంత కీలకమో ఇక్కడే తెలిసివస్తుంది.

యాంటీబాడీ మొత్తం ప్రోటీన్‌ను చూడదు. కొద్దిపాటి అమైనో ఆమ్లాలతో ఏర్పడిన ఒక చిన్న ఉపరితలాన్ని పట్టుకుంటుంది. దాన్నే ఎపిటోప్ అంటారు. ఐఎల్-1బీటా విషయంలో ఎపిటోప్ 116వ స్థానానికి ఏ పక్కన ఉందన్నది మొదట తెలుసుకోవలసిన సంగతి. చివరి భాగంలో ఉంటే ఆ యాంటీబాడీ 31, 17 కిలోడాల్టన్ల రూపాలు రెండింటినీ చూపిస్తుంది. మొదటి భాగంలో ఉంటే పూర్వరూపాన్నీ, కోత తరువాత విడిపోయిన ముందు ముక్కనూ చూపిస్తుంది గాని పక్వరూపం దానికి అసలు కనిపించదు. అటువంటి యాంటీబాడీతో చేసిన బ్లాట్‌లో 17 దగ్గర ఏమీ లేకపోవడాన్ని ఇన్‌ఫ్లమాజోమ్ పనిచేయలేదనడానికి ఆధారంగా చూపితే, చూపు లేని చోట చీకటి ఉందని సాక్ష్యం చెప్పించినట్టవుతుంది. ఇమ్యునోజెన్ వివరం, అంటే యాంటీబాడీని పుట్టించడానికి జంతువుకు ఎక్కించిన పెప్టైడ్ ఏ స్థానాల మధ్యదో తెలిపే ఆ చిన్న పంక్తి, యాంటీబాడీతో పాటు తయారీదారు ఇచ్చే వివరపత్రంలో అన్నిటికంటే ముందు చదవవలసినది. చాలామంది నేరుగా ఎన్ని రెట్లు పలుచన చేయాలో తెలిపే పంక్తికి వెళ్ళిపోతారు.

మూడో రకం యాంటీబాడీలు ఇంకా ఆసక్తికరమైనవి. కాస్పేస్-1 కోసిన తరువాత ప్రోటీన్‌కు ఒక కొత్త కొస ఏర్పడుతుంది. మనిషిలో ఆ కొస అలనిన్, ప్రోలిన్, వాలిన్, ఆర్జినిన్‌లతో మొదలవుతుంది. కోతకు ముందు ఈ నాలుగూ గొలుసు మధ్యలో ఉంటాయి కనుక ఆ కొసకు ఉనికి లేదు. ఈ కొత్త కొసను మాత్రమే పట్టుకునే యాంటీబాడీని పుట్టించగలిగితే, పూర్వరూపం ఎంత పేరుకున్నా అది పట్టించుకోదు, పక్వరూపాన్నే చూపుతుంది. సిద్ధాంతంగా ఇది అందమైన పరిష్కారం. ఆచరణలో దానికి మూడు పరిమితులు ఉన్నాయి. ఎలుకలో ఆ కొస వాలిన్, ప్రోలిన్, ఐసోల్యూసిన్, ఆర్జినిన్‌లతో మొదలవుతుంది కాబట్టి మనిషి కోసం చేసిన యాంటీబాడీ ఎలుక నమూనాలో పనిచేస్తుందని ముందుగా అనుకోవడానికి వీలులేదు. కాస్పేస్-8 కూడా అదే చోట కోయగలదు కనుక కొత్త కొస కనిపించినంత మాత్రాన కాస్పేస్-1 పనేనని తేలదు. న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాల్లోని ఎలాస్టేజ్, ప్రోటీనేజ్-3 వంటి ఎంజైములు ఆ దగ్గరలోనే వేరే బిందువుల వద్ద కోసి, చురుకైన ముక్కలనే తయారుచేస్తాయి. వాటి కొస వేరు కాబట్టి ఈ యాంటీబాడీ వాటిని వదిలేస్తుంది. న్యూట్రోఫిళ్లు నిండిన కణజాలంలో ఆ లోటు చిన్నది కాదు.

ఇక ప్రయోగశాల బల్ల దగ్గరికి వస్తే, ఈ యాంటీబాడీ ఫలితం సగానికి పైగా నమూనా తయారీ మీదే ఆధారపడి ఉంటుంది. పక్వరూపం ఎక్కువగా ఉండేది కణాల్లో కాదు, కణాలు మునిగి ఉన్న మీడియంలో. ఆ మీడియంలో మామూలుగా కలిపే సీరంలో ఆల్బుమిన్ విపరీతంగా ఉంటుంది. దాన్ని అలాగే జెల్‌లో పోస్తే 66 కిలోడాల్టన్ల దగ్గర ఆల్బుమిన్ ఉబ్బి వరుసను వంకర తిప్పేస్తుంది, కింది గీతలు చెదిరిపోతాయి. అందుకే రెండో సంకేతం ఇచ్చే ముందు సీరం లేని మీడియంలోకి మారుస్తారు. తరువాత ఆ ద్రవాన్ని తీసి, మెథనాల్, క్లోరోఫాం కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. ట్యూబును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రెండు ద్రవాల నడుమ కాగితంలా పలుచని తెల్లని పొర ఒకటి కనిపిస్తుంది. నమూనాలోని ప్రోటీన్ అంతా ఆ పొరలోనే ఉంటుంది. పై ద్రవాన్ని పిపెట్‌తో లాగేటప్పుడు కొన అర మిల్లీమీటరు కిందికి దిగినా పొర కదిలి పిపెట్‌లోకి పోతుంది, దానితో పాటే 17 కిలోడాల్టన్ల గీత కూడా పోతుంది. ఇలా పోయిన గీతకు నింద సాధారణంగా యాంటీబాడీ మీద పడుతుంది.

జెల్ తరువాతి దశలోనూ ఇటువంటి చిక్కే ఉంది. 17 కిలోడాల్టన్లంటే చిన్న ప్రోటీన్. విద్యుత్తుతో జెల్ నుంచి మెంబ్రేన్ మీదికి బదిలీ చేసేటప్పుడు, 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న మెంబ్రేన్ అయితే అది అక్కడ ఆగకుండా అవతలికి దాటిపోవచ్చు. 0.2 మైక్రాన్ల మెంబ్రేన్ వాడాలి, బదిలీ సమయం మరీ పెంచకూడదు. పెద్ద ప్రోటీన్లకు అలవాటుపడిన ప్రయోగశాలలో ఇదివరకటి పద్ధతినే దీనికీ వాడితే పై గీత చక్కగా వచ్చి కింది గీత మాయమవుతుంది. దాన్ని చూసి కణాల్లో కోత జరగలేదని రాసుకోవడం చాలా తేలిక. బదిలీ అయిన వెంటనే మెంబ్రేన్‌ను పాన్సో రంగులో ముంచితే వరుసలన్నిటిలో ప్రోటీన్ ఎంతెంత ఉందో ఎర్రగా కనిపిస్తుంది. మీడియం నమూనాలకు ఈ అడుగు తప్పనిసరి. కణాల నమూనాలో, అన్ని కణాల్లోనూ ఉండే ఆక్టిన్ అనే ప్రోటీన్‌తో సరిచూసుకున్నట్టు మీడియంలో సరిచూసుకోవడానికి వీలులేదు, ఎందుకంటే మీడియంలో ఆక్టిన్ కనిపించిందంటే కణాలు పగిలాయని అర్థం.

గీతలను చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. కాస్పేస్-1 పూర్వరూపాన్ని 27వ ఆస్పార్టేట్ దగ్గర కూడా కోయగలదు. అప్పుడు సుమారు 28 కిలోడాల్టన్ల మధ్యరకం ముక్క వస్తుంది. ఎలుక కణజాలం మీద ఎలుకలో పుట్టించిన యాంటీబాడీ వాడితే, దాన్ని పట్టుకుని గీతను కనిపించేలా చేసే రెండో యాంటీబాడీ కణజాలంలో సహజంగా ఉన్న ఎలుక యాంటీబాడీల తేలిక గొలుసునూ పట్టుకుని 25 కిలోడాల్టన్ల దగ్గర, బరువు గొలుసును పట్టుకుని 50 దగ్గర గీతలు చూపిస్తుంది. 25, 28, 31 పక్కపక్కనే ఉన్న అంకెలు. పక్కన కొలతల నిచ్చెన, అంటే తెలిసిన బరువులున్న ప్రోటీన్ల వరుస, స్పష్టంగా లేకపోతే ఈ మూడింటిలో ఏది ఏదో చెప్పడం ఊహగానమే అవుతుంది. కుందేలులో పుట్టించిన యాంటీబాడీని ఎలుక నమూనాలకు వాడితే ఈ గందరగోళం చాలావరకు తప్పుతుంది.

ఇంతవరకు చెప్పినవి పనితనానికి సంబంధించినవి. అసలు ప్రశ్న వేరే ఉంది: సరైన ఎత్తులో సరైన సమయంలో వచ్చిన గీత ఐఎల్-1బీటాదేనని ఎలా తెలుస్తుంది? చాలా వివరపత్రాలు దీనికి చూపే ఆధారం రెండు వరుసల బొమ్మ. ఎల్‌పీఎస్ ఇవ్వని కణాల వరుసలో ఏమీ లేదు, ఎల్‌పీఎస్ ఇచ్చిన కణాల వరుసలో 31 దగ్గర గీత ఉంది, కాబట్టి యాంటీబాడీ సరైనదే అన్నది దాని తర్కం. ఆ బొమ్మ చూడగానే నమ్మాలనిపిస్తుంది. అయితే ఎల్‌పీఎస్ తగిలిన మాక్రోఫేజ్‌లో పెరిగేది ఐఎల్-1బీటా ఒక్కటే కాదు. వందలకొద్దీ జన్యువులు ఒకేసారి మేల్కొంటాయి. వాటిలో ఏదో ఒక ప్రోటీన్ యాదృచ్ఛికంగా 31 కిలోడాల్టన్ల దగ్గర ఉండి, దాన్ని ఈ యాంటీబాడీ పట్టుకుంటే, సరిగ్గా ఇదే బొమ్మ వస్తుంది. ఎల్‌పీఎస్ లేని వరుస ఆ తప్పును పట్టుకోలేదు.

దాన్ని నేరుగా పట్టుకోగలిగే పోలిక ఇది: ఐఎల్-1బీటా జన్యువును తొలగించిన నాకౌట్ కణాలకు కూడా అదే ఎల్‌పీఎస్, అదే నైజెరిసిన్, అదే వ్యవధిలో ఇచ్చి, పక్క వరుసలో పోయడం. మిగతా వందల ప్రోటీన్లూ అక్కడ మామూలుగానే పెరుగుతాయి, ఈ ఒక్కటి మాత్రమే ఉండదు. ఆ వరుసలో 31 దగ్గర, 17 దగ్గర ఖాళీ కనిపిస్తే గీత ఐఎల్-1బీటాదే. మసక గీత మిగిలితే ఆ మేరకు యాంటీబాడీ వేరే దాన్ని పట్టుకుంటోందన్నమాట. ఎల్‌పీఎస్ ఇవ్వని నాకౌట్ కణాలను పెట్టి నాకౌట్ పరీక్ష చేశామని చూపించే బొమ్మలు కూడా అప్పుడప్పుడు ఎదురవుతాయి. వాటికి విలువ లేదు. ప్రేరణ లేని కణంలో ఈ ప్రోటీన్ మామూలు కణాల్లోనూ దాదాపు ఉండదు కనుక, అక్కడి ఖాళీ ఏమీ నిరూపించదు. శోథ ప్రోటీన్లన్నిటికీ ఈ సూత్రం వర్తిస్తుంది గాని, ఇంత తీవ్రంగా ప్రేరణకు లోబడే ఐఎల్-1బీటా విషయంలో దాన్ని విస్మరిస్తే జరిగే నష్టం ఎక్కువ.

నాకౌట్ కణాలతో పాటు మార్గాన్ని అడ్డుకునే పోలికలు కూడా ఉపయోగపడతాయి. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3ని అడ్డుకునే ఎంసీసీ950 అనే పదార్థాన్ని రెండో సంకేతానికి ముందు ఇస్తే 31 గీత అలాగే ఉండి 17 గీత పడిపోవాలి. అలా జరిగితే యాంటీబాడీ రెండు రూపాలనూ విడివిడిగా చూపుతోందనడానికి అది మంచి ఆధారం. ఒక మినహాయింపు మాత్రం గుర్తుంచుకోవాలి. మనిషి రక్తంలోని మోనోసైట్లు అనే తెల్లరక్తకణాలు ఎల్‌పీఎస్ ఒక్కదానికే కొంత పక్వరూపాన్ని విడుదల చేస్తాయి, వాటికి రెండో సంకేతం తప్పనిసరి కాదు. ఎలుక మాక్రోఫేజ్‌లతో నేర్చుకున్న నమూనాను వాటికి అన్వయించి, ఎల్‌పీఎస్ వరుసలో 17 గీత కనిపించగానే యాంటీబాడీ తప్పని తోసిపుచ్చడం కూడా పొరపాటే.

ఈ పట్టుదల అంతా అవసరమా అన్న సందేహం రావడం సహజం. పరిశోధన యాంటీబాడీల విషయంలో 2015 నుంచి వెలుగులోకి వచ్చిన సంగతులు చూస్తే అవసరమేనని ఒప్పుకోక తప్పదు. 2015లో ఆండ్రూ బ్రాడ్‌బరీ, ఆండ్రియాస్ ప్లుక్‌తున్, వారితో పాటు 110 మంది సంతకం చేసిన వ్యాఖ్య నేచర్ పత్రికలో వచ్చింది. యాంటీబాడీలను వాటి జన్యుక్రమం ఆధారంగా నిర్వచించి, రీకాంబినెంట్ పద్ధతిలో, అంటే ఆ క్రమాన్ని కణాల్లో ప్రవేశపెట్టి, తయారుచేయాలని వారు కోరారు. 2016లో ఒక అంతర్జాతీయ కార్యబృందం యాంటీబాడీని నిర్ధారించడానికి అయిదు మార్గాలను ప్రతిపాదించింది. జన్యువును తొలగించి చూడడం వాటిలో మొదటిది. యాంటీబాడీతో సంబంధం లేని మరో పద్ధతితో సరిపోల్చడం, వేరే ఎపిటోప్‌ను పట్టుకునే ఇంకో యాంటీబాడీతో పోల్చడం వంటివి తక్కినవి. 2023లో ఈలైఫ్ పత్రికలో వచ్చిన ఒక విస్తృత అధ్యయనం, మార్కెట్లో దొరికే 614 యాంటీబాడీలను 65 ప్రోటీన్లకు సంబంధించి నాకౌట్ కణాలతో పక్కపక్కన పరీక్షించింది. ఉద్దేశించిన ప్రోటీన్‌ను గుర్తించలేని యాంటీబాడీలతో చేసిన బొమ్మలు, సగటున ఒక్కో ప్రోటీన్‌కు సుమారు 12 పరిశోధన పత్రాల్లో అచ్చయ్యాయని అందులో తేలింది. ఆ పరీక్షలో రీకాంబినెంట్ యాంటీబాడీలు మొత్తం మీద తక్కిన రకాల కంటే మెరుగ్గా నిలిచాయి. ఆ పత్రాలు రాసినవారు మోసం చేశారని దీని అర్థం కాదు. వారి చేతిలోని సీసా మీది పేరును వారు నమ్మారు, అంతే.

సీసాలో ఉన్నదేమిటన్న ప్రశ్న కూడా చిన్నదేమీ కాదు. పాలీక్లోనల్ యాంటీబాడీ అంటే ఒక జంతువు రక్తం నుంచి తీసిన అనేక యాంటీబాడీల మిశ్రమం. ఆ జంతువు చనిపోయాక అదే మిశ్రమం మళ్ళీ దొరకదు. కేటలాగ్ సంఖ్య మారకపోయినా లాట్, అంటే తయారీ విడత, మారితే లోపలి సరుకు మారుతుంది. 1975లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ కనిపెట్టిన హైబ్రిడోమా పద్ధతి ఈ సమస్యకు పరిష్కారం చూపింది. ఒకే బి-కణం సంతతి నుంచి ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా తీయవచ్చన్న ఆ ఆవిష్కరణకు వారు నీల్స్ యెర్నెతో కలిసి 1984లో నోబెల్ బహుమతి అందుకున్నారు. అయితే హైబ్రిడోమాలూ నిలకడైనవని పూర్తిగా నమ్మడానికి లేదు. 2018లో 185 హైబ్రిడోమాల క్రమాలను పరిశీలించినప్పుడు, వాటిలో 31.9 శాతం అసలు గొలుసులతో పాటు అదనపు గొలుసులను కూడా తయారుచేస్తున్నాయని తేలింది. క్రమం తెలిసిన రీకాంబినెంట్ యాంటీబాడీకి ఈ బెడద లేదు. ఐఎల్-1బీటాకు అటువంటిది దొరుకుతున్నప్పుడు పాత పాలీక్లోనల్‌ను అలవాటు కొద్దీ తెప్పించుకోవడానికి బలమైన కారణం కనిపించదు.

బ్లాట్‌లో చక్కగా పనిచేసిన యాంటీబాడీ మరో పద్ధతిలో కూడా పనిచేస్తుందన్న భరోసా లేదు. బ్లాట్‌లో ప్రోటీన్‌ను ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌తో మరిగించి మడతలన్నీ విప్పేస్తారు. యాంటీబాడీకి ఎదురయ్యేది సాగదీసిన గొలుసు. సహజస్థితిలో పక్వ ఐఎల్-1బీటా పన్నెండు బీటా పోగులు అల్లుకున్న బిగువైన ముడి. గొలుసు మీది ఎపిటోప్ ఆ ముడి లోపల దాగి ఉంటే ఇలైసాలో (ద్రవంలోని ప్రోటీన్‌ను యాంటీబాడీలతో పట్టి కొలిచే పరీక్ష) గాని, ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి వాటి రంగును కొలిచే పద్ధతి) గాని ఆ యాంటీబాడీకి అది దొరకదు. ఫార్మలిన్‌లో నిలవచేసిన కణజాలంలో పరిస్థితి ఇంకా వేరు. ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది, వేడితో ఆ ముళ్ళను కొంత విప్పితే గాని ఎపిటోప్ బయటపడదు. పైగా కణజాలం కోతలో గోధుమ రంగు కనిపించినప్పుడు అది 31దా 17దా చెప్పే కొలత అక్కడ లేదు. రెండు రూపాలనూ పట్టుకునే యాంటీబాడీతో రంగు వేసి, ఆ రంగును ఇన్‌ఫ్లమాజోమ్ చురుకుదనంగా వర్ణించడం ఆ పద్ధతి మోయలేని బరువు.

ఫ్లో సైటోమెట్రీలో ఒక విచిత్రమైన అలవాటు గురించి ఇక్కడ చెప్పాలి. సైటోకైన్‌లను, అంటే ఐఎల్-1బీటా వంటి సంకేత ప్రోటీన్లను, కణం లోపల చూడాలంటే, అవి బయటికి పోకుండా బ్రెఫెల్డిన్-ఎ కలపడం పరిపాటి. గాల్జి మార్గాన్ని మూసేసే మందు అది. ఐఎల్-1బీటా ఆ మార్గంలో ప్రయాణించదని ముందే చెప్పుకున్నాం. దాని విడుదలను బ్రెఫెల్డిన్ ఆపదని 1990లోనే ప్రయోగాలు చూపాయి. అయినా ఇతర సైటోకైన్‌ల కోసం రాసుకున్న పద్ధతిని మార్చకుండా దీనికి వాడడం ఇప్పటికీ కనిపిస్తుంది. కణంలో రంగు తగ్గితే ఉత్పత్తి తగ్గిందని రాసేస్తారు, నిజానికి సరుకు బయటికి వెళ్ళిపోయి ఉండవచ్చు.

ఇలైసా దీనికి భిన్నమైన బలం ఉన్న పద్ధతి. రెండు యాంటీబాడీలు రెండు వేర్వేరు చోట్ల పట్టుకుంటేనే సంకేతం వస్తుంది కనుక దాని నిర్దిష్టత ఎక్కువ, మిల్లీలీటరులో కొద్ది పికోగ్రాముల ఐఎల్-1బీటాను కూడా అది కొలవగలదు. ఆరోగ్యవంతుల రక్తంలో ఈ ప్రోటీన్ ఆ స్థాయిలోనే, ఒక్కోసారి అంతకంటే తక్కువగా ఉంటుంది. కానీ ఇలైసా ఒక అంకెను మాత్రమే ఇస్తుంది, ఆ అంకె ఏ రూపానిదో చెప్పదు. పక్వరూపానికి ఉద్దేశించిన ఇలైసాల్లోనూ పూర్వరూపం కొంత మేరకు పట్టుబడుతుంది, ఎంత మేరకన్నది కిట్‌ను బట్టి మారుతుంది. కణాలు పగిలిన నమూనాలో ఆ కొద్దిపాటి పట్టే పెద్ద అంకెగా మారవచ్చు. అందుకే జాగ్రత్తపరులు అదే మీడియంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్‌ను కూడా కొలిచి కణాలు ఎంతవరకు పగిలాయో చూస్తారు, ఒక్క నమూనానైనా బ్లాట్ చేసి ఆ అంకె వెనుక ఉన్న గీత 17దేనా అని సరిచూస్తారు. మనుషుల రక్తంతో పనిచేసేటప్పుడు రుమటాయిడ్ ఫ్యాక్టర్ వంటి యాంటీబాడీలు ఇలైసాలోని రెండు యాంటీబాడీలనూ నేరుగా కలిపి, ప్రోటీన్ లేకుండానే సంకేతం పుట్టించగలవు. శోథ జబ్బుల్లోనే ఆ ఫ్యాక్టర్ ఎక్కువగా ఉంటుంది కనుక, తప్పు సరిగ్గా ఆశించిన దిక్కులోనే వస్తుంది. అటువంటి తప్పును పట్టుకోవడం అన్నిటికంటే కష్టం.

ఐఎల్-1బీటాకు చికిత్సగా వాడే యాంటీబాడీ కూడా ఉంది. కానకినుమాబ్ అనే ఆ మందుకు 2009లో, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 జన్యువులోని లోపాల వల్ల వచ్చే అరుదైన జ్వరాల చికిత్సకు అనుమతి లభించింది. 2017లో వెలువడిన కాంటోస్ ప్రయోగంలో, గుండెపోటు వచ్చిన 10,061 మందిపై పరీక్షించినప్పుడు 150 మిల్లీగ్రాముల మోతాదు మళ్ళీ వచ్చే గుండె, మెదడు రక్తనాళ ప్రమాదాలను 15 శాతం తగ్గించింది. దానికి కావలసిన గుణం ఐఎల్-1బీటాను, దాని సంకేతాన్ని అందుకునే రిసెప్టర్ దగ్గరికి పోకుండా అడ్డుకోవడం. బ్లాట్ యాంటీబాడీకి కావలసినది మడత విప్పిన గొలుసును గుర్తుపట్టడం. మొదటి గుణం ఉన్నదానికి రెండోది ఉండాలని లేదు, రెండోది ఉన్నదానికి మొదటిదీ ఉండాలని లేదు. పరిశోధన యాంటీబాడీ సీసా మీద పరిశోధనకు మాత్రమే అని ఉండడానికి నియంత్రణ నియమాలు ఒక కారణమైతే, పరీక్షించిన ప్రయోజనం దాటి దాని గురించి ఏమీ తెలియకపోవడం మరో కారణం.

పత్రం రాసే వేళకు ఈ వివరాలన్నీ రెండు మూడు పంక్తుల్లో ఇమడాలి. యాంటీబాడీ కేటలాగ్ సంఖ్య, లాట్ సంఖ్య, క్లోన్ పేరు, పరిశోధన వనరులకు ఇచ్చే ఆర్ఆర్ఐడీ గుర్తింపు సంఖ్య, ఎన్ని రెట్లు పలుచన చేశారన్నది, నమూనా కణాలదా మీడియందా అన్నది ఉంటే, చదివేవారు ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూడగలుగుతారు. బొమ్మను మాత్రం 17 చుట్టూ సన్నని పట్టీగా కత్తిరించకుండా, కొలతల నిచ్చెనతో సహా మెంబ్రేన్ మొత్తం అనుబంధంలోనైనా ఇవ్వాలి. ఎల్‌పీఎస్, నైజెరిసిన్ రెండూ ఇచ్చిన నాకౌట్ కణాల వరుస అందులో ఉండాలి. పాన్సో రంగులో మిగతా వరుసలంత ఎర్రగానే కనిపించిన ఆ వరుసలో, యాంటీబాడీ వేశాక 31 దగ్గరా, 17 దగ్గరా ఏ గీతా లేకపోతే, పక్క వరుసలో కనిపిస్తున్న గీతలు ఐఎల్-1బీటావేనని చదివేవారికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.